కేక వేస్తేనే కాలువ
(డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం, గుమ్మిడిపూండి: ప్రసంగ పాఠం)



బెజవాడ నుంచి మద్రాసు వచ్చే రైలు గూడూరు, సూళ్లూరుపేట, తడ, ఆరంబాక్కం దాటి మన ఊరి మీదుగానే పోతుంది. భీమవరంలో 1895లో పుట్టి, రాజమండ్రిలో చదువు గట్టెక్కక, మద్రాసు హిందూ హైస్కూల్లో మూడో ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ అయిందనిపించుకున్న కుర్రవాడు ఈ పట్టాల మీదుగానే పట్నం చేరి ఉంటాడు. బకింగ్‌హాం కాలువలో పడవెక్కి వచ్చాడని ఎవరైనా రుజువు చూపిస్తే తప్ప నేనీ మాట మార్చుకోను. మన స్టేషనులో బండి ఆగిందో లేదో తెలియదు గానీ, సుబ్బారావు గారి పేరు మీద ఇక్కడ సభ పెట్టుకోవడానికి నాకు ఆ పట్టాల చుట్టరికం చాలు.

ఆయన జీవితం గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. నేను ఒప్పుకోలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు తొడుక్కుని ఆపరేషన్ వార్డుకు వెళ్లి దొర ప్రొఫెసరుకు కోపం తెప్పించడం, ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. చేతిలో పెట్టించుకుని బయటికి రావడం మీకందరికీ తెలిసిన కథే. ఆ తర్వాత ఆయన మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పారు. నేనూ అదే పాఠం చెప్పి రిటైరైనవాణ్ణి. కాబట్టి ఆ పాఠంలోంచే ఒక ముక్క తెచ్చాను. మెదడుకు రక్తనాళాలు ఎలా వస్తాయి? వాటిని అక్కడికి పిలిచేదెవరు? ఈ కథ మధ్యలో సుబ్బారావు గారు మనకు మూడుసార్లు ఎదురవుతారు. ఆయనను నేను పిలవలేదు, ఆయనే వచ్చారు.

మొదట నీళ్ల సంగతి. కండలేరు నుంచి పూండికి కృష్ణ నీళ్లు వచ్చే కాలువ మన జిల్లా వాళ్లకు చెప్పక్కర్లేదు. 1983లో ఒప్పందం, 1996లో ఊత్తుకోట దగ్గర సరిహద్దు దాటిన నీళ్లు. కండలేరు నుంచి ఆ హద్దు దాకా 152 కిలోమీటర్లు. ముందు సర్వే రాళ్లు పాతారు, తర్వాత భూములు తీసుకున్నారు, తర్వాత తవ్వారు, చివరికి నీళ్లు. కాలువంటే మనకు తెలిసిన వరస ఇదే. ఇందులో పొలం మాట ఎవరూ అడగరు. చివరి మడిలో వరి ఎండుతున్నా కాలువ తన దారి మార్చుకోదు. రైతే పార పట్టుకుని రాత్రిపూట మడవ దగ్గర కాపలా కాయాలి.

ఒంట్లో వరస దీనికి పూర్తిగా తలకిందులు. అక్కడ ఎండుతున్న మడి కేక వేస్తుంది. ఆ కేక విని కాలువ తనంతట తాను తవ్వుకుంటూ వస్తుంది. ముందు దాహం, తర్వాత దారి. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ఇంతే. కాకపోతే ఆ కేక ఎంత గట్టిగా ఉండాలి, ఎప్పుడు ఆగాలి అన్న దగ్గరే బిడ్డ బతుకు, బిడ్డ చూపు తేలిపోతాయి. అందుకే మిగతా గంట.

మెదడు దాహం మామూలుది కాదు. ఒంటి బరువులో రెండు శాతం ఉండే ఈ అవయవం మనం కదలకుండా కూర్చున్నప్పుడు కూడా ఒంటికి అందే ఆక్సిజన్‌లో ఐదో వంతు తాగేస్తుంది. కండలాగా దాచుకోవడం దానికి రాదు. కొన్ని నిమిషాలు రక్తం ఆగితే కణాలు చావడం మొదలవుతుంది. ఆ ఆక్సిజన్ అంతా దేనికంటే ఏటీపీ అనే అణువును తయారు చేసుకోవడానికి. ఇదిగో, సుబ్బారావు గారు మొదటిసారి ఎదురయ్యారు. 1929లో హార్వర్డులో ఫిస్కేతో కలిసి కండలోంచి ఆయన ఆ అణువును బయటికి తీశారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా తీశాడు. కణం తన పనులన్నిటికీ ఖర్చుపెట్టుకునే రొక్కం అది.

ఆ రొక్కం నిమిషం నిమిషం సంపాదించుకోవాలంటే ప్రతి కణం గుమ్మంలోకీ రక్తం రావాలి. పెద్దవాళ్ల మెదడులోని కేశనాళికలన్నీ విప్పి ఒకదాని చివర ఒకటి పెడితే సుమారు 600 కిలోమీటర్లని అంచనా. ఇక్కడ బయల్దేరితే హైదరాబాదు చేరేంత దూరం. ఏ నాడీకణానికైనా దగ్గరి నాళిక వెంట్రుక మందం కన్నా తక్కువ దూరంలోనే ఉంటుంది. ఇంత పెద్ద పంపకానికి పటం గీసి ఇచ్చిన ఇంజనీరు లేడు.

ఇప్పుడు గర్భంలోకి పోదాం. మూడో వారంలో పిండం వీపు మీద ఒక పలక ఏర్పడి, అంచులు పైకి లేచి, ఒకదాన్నొకటి కలుసుకుని గొట్టమవుతుంది. అదే నాడీనాళం, రేపటి మెదడూ వెన్నుపామూ. ఇరవై ఎనిమిదో రోజుకల్లా అది మూసుకోవాలి. చాలామంది తల్లులకు అప్పటికి నెల తప్పిందో లేదో కూడా తెలియదు. మూసుకోకపోతే బిడ్డ వెన్ను తెరుచుకుని పుడుతుంది, లేదా తలలో మెదడే ఉండదు. ఫోలిక్ ఆమ్లం ముందునుంచే తీసుకుంటే, అంతకుముందు ఇలాంటి బిడ్డను కన్న తల్లుల్లో మళ్లీ అలా జరిగే ప్రమాదం మూడింట రెండు వంతులకు పైగా తగ్గుతుందని 1991లో బ్రిటన్‌లో ముగిసిన పెద్ద పరీక్ష తేల్చింది. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని 1940ల నడుమ లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమంగా తయారు చేసిన జట్టుకు పెద్ద సుబ్బారావు గారే. ఇది రెండోసారి. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గర్భిణులకు చేతిలో పెట్టే ఆ చిన్న మాత్ర వెనక భీమవరం ఉంది.

గొట్టం మూసుకుంది. కానీ అందులో ఒక్క రక్తనాళం కూడా లేదు. మెదడు తన నాళాలను తాను పుట్టించుకోలేదు. అవి బయటినుంచి రావాలి. ముందు గొట్టం చుట్టూ వల అల్లుకుంటాయి, ఆ వలలోంచి మొలకలు లోపలికి దిగుతాయి. నేను విద్యార్థిగా మెదడు కోసినప్పుడు చూసిన దృశ్యం చెబుతాను. పైపొరను మెల్లగా ఒలిస్తే దానితోపాటు వెంట్రుకల్లాంటి సన్నటి నాళాలు లోపలినుంచి ఊడి వస్తాయి. నారుమడిలో నారు పీకితే వేళ్లు బురదలోంచి జారి వచ్చినట్టే. పైనుంచి కిందికి దిగినవి కాబట్టే అలా వస్తాయి. ఆ రోజు ఎందుకలా వస్తాయని అడిగితే మా దగ్గర జవాబు లేదు. ఆ జవాబులో సగం నేను రిటైరయ్యే ముందు వచ్చింది.

కేక సంగతి. పెరుగుతున్న మెదడులో కణాలు ఎక్కువై, గాలి చాలనప్పుడు ప్రతి కణంలోనూ ఒక ప్రోటీను నిలబడుతుంది. దాని పేరు హిఫ్. గాలి బాగా అందితే కణమే దాన్ని ముక్కలు చేసి పారేస్తుంది. అందకపోతే అది బతికి, కేంద్రకంలోకి పోయి, కొన్ని జన్యువులను లేపుతుంది. ఈ లెక్క విప్పినందుకే సెమెంజా, రాట్‌క్లిఫ్, కేలిన్‌లకు 2019లో నోబెల్ వచ్చింది. లేచిన జన్యువుల్లో ముఖ్యమైనది వీఈజీఎఫ్ అనే సంకేతాన్ని తయారు చేసేది. కణం దాన్ని బయటికి వదులుతుంది. అది మెల్లగా పరుచుకుంటుంది. వదిలిన చోట చిక్కగా, దూరంగా పలచగా. పొయ్యి మీద పోపు వేస్తే వాసన వీధి చివరికి పలచబడి చేరినట్టు.

చుట్టూ ఉన్న నాళాల గోడకణాల ఒంటి మీద ఆ వాసన పసిగట్టే గ్రాహకాలుంటాయి. ఏ కణానికి గట్టిగా తగిలితే అది ముందుకు వంగి వేళ్లు చాస్తుంది. సన్నటి వేళ్లు, అటూ ఇటూ తడుముకుంటూ, ఎటు చిక్కగా ఉంటే అటు. దాన్ని మొన కణం అందాం. బెట్‌షోల్ట్స్, గెర్హార్ట్ అనే శాస్త్రవేత్తలు 2003లో ఎలుక పిల్లల కంటి రెటీనాలో ఈ వేళ్లను చూపించారు. ఇక్కడ నాకు బాగా నచ్చే సంగతి ఒకటుంది. మొన కణం తన పక్కనున్న కణాలను తాకి, నువ్వు ముందుకు రావద్దు, నా వెనక గొట్టం కట్టు అని చెబుతుంది. ఆ మాట చెప్పే ప్రోటీనుకు డెల్టా, వినేదానికి నాచ్ అని పేర్లు. అందరూ ముందు నడుస్తామంటే కాలువ ఉండదు, వేళ్ల గుంపు ఉంటుంది. నాచ్‌ను మూయిస్తే సరిగ్గా అదే జరుగుతుంది. మొలకలు గజిబిజిగా పెరుగుతాయి, రక్తం మాత్రం పారదు. మన సంఘాల సమావేశాలు చూసినవాళ్లకు ఇంతకన్నా వివరించక్కర్లేదు.

ఇక కేక ఎంత గట్టిగా ఉండాలన్న ప్రశ్న. వీఈజీఎఫ్ జన్యువు తల్లినుంచి ఒకటి, తండ్రినుంచి ఒకటి వస్తుంది. 1996లో రెండు జట్లు ఎలుకల్లో ఆ రెండింటిలో ఒక్కదాన్ని తీసేశాయి. సగం మిగిలే ఉంది కదా, సర్దుకుంటాయనుకున్నారు. పిండాలు కడుపులోనే చనిపోయాయి. సగం కేక సరిపోలేదు. శరీరంలో చాలా జన్యువులకు సగం ఉన్నా సరిపోతుంది. దీనికి చాలదు.

అయితే వీఈజీఎఫ్ ఒంటి నిండా ఉన్న కేకే. కాలేయం, గుండె, కాలి వేళ్లు అన్నీ ఆ కేకే వేస్తాయి. మెదడుకు మాత్రం సొంత గొంతు ఒకటుంది. దాని పేరు వింట్. ఈ పేరు వెనకున్న కథను మన పాఠ్యపుస్తకాల్లో ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో ఆర్.పి. శర్మ అనే శాస్త్రవేత్త 1970లలో రెక్కలు రాని పండు ఈగను గుర్తించాడు. దానికి వింగ్‌లెస్ అని పేరు పెట్టి, 1976లో వి.ఎల్. చోప్రాతో కలిసి దాని గురించి రాశాడు. 1982లో నుస్సే, వార్మస్‌లు ఎలుకల రొమ్ము గడ్డల్లో ఒక జన్యువును పట్టారు, పేరు ఇంట్. కొన్నేళ్లకు రెండూ ఒకటే కుటుంబమని తేలింది. ఈగ పేరు, గడ్డ పేరు కలిపి వింట్ అన్నారు. ఢిల్లీలో ఆ సంస్థ పొలాల పక్కన రెక్కల్లేక పాకిన ఈగకూ, మన మెదడులో పారే రక్తానికీ చుట్టరికం అలా కలిసింది.

మెదడులో పుట్టే నాడీకణాల తల్లికణాలు వింట్-7ఎ, వింట్-7బి అనే రెండింటిని వదులుతాయి. 2008, 2009లలో పలు జట్లు ఎలుకల్లో ఈ రెండూ తీసేసి చూశాయి. ఒంట్లో మిగతా చోట్ల నాళాలు చక్కగా ఉన్నాయి. మెదడు దగ్గర మాత్రం నాళాలు గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాయి, కొన్ని చోట్ల ఉబ్బి నెత్తురు కక్కాయి. పెళ్లికి చుట్టాలందరూ వీధి అరుగు దాకా వచ్చి, లోపలికి రమ్మనే మనిషి లేక బయటే నిలబడ్డట్టు. వీఈజీఎఫ్ ఇంటి దాకా రప్పిస్తే, వింట్ గడప దాటిస్తుంది.

గడప దాటించడమే కాదు, వచ్చినవాళ్లకు ఇంటి కట్టుబాటు నేర్పుతుంది. స్టూవర్ట్, వైలీ 1981లో చేసిన పరీక్ష నేను ఏటా పిల్లలకు చెప్పేవాణ్ణి. ఇంకా నాళాలు దిగని కౌజు పిట్ట మెదడు ముక్కను తీసుకుని కోడి పిండం కడుపులో అతికించారు. కోడి పొట్టలోని నాళాలు ఆ ముక్కలోకి దిగాయి. పొట్ట నాళాలంటే కారిపోయేవి, రంగు ఎక్కిస్తే బయటికి ఊటలా వచ్చేవి. అవి మెదడు ముక్కలోకి దిగాక కారడం మానేశాయి. మెదడు నాళాలకుండే బిగువు వాటికి వచ్చింది. పొట్టలో పుట్టినా, మెదడులో కాపురం పెట్టేసరికి మెదడు తీరు వచ్చింది. కొత్త కోడలు అత్తింటి పోపు నేర్చుకున్నట్టు అనేవాణ్ణి. ఆడపిల్లలు నవ్వేవారు కాదు. తర్వాత ఆ పోలిక మానేశాను.

ఈ బిగువు అందరికీ తెలిసేలా చెప్పాలంటే ఎళావూరు చెక్‌పోస్టు చాలు. హైవే మీద లారీలన్నీ అక్కడ ఆగవలసిందే. మెదడు నాళం గోడ అలాంటిది. ఇక్కడ గోడకణాలు ఒకదానికొకటి సందు లేకుండా కుట్టేసి ఉంటాయి. ఆక్సిజన్ ఎవరినీ అడగకుండా పోతుంది. చక్కెరకు గ్లూట్-1 అనే ప్రత్యేకమైన గేటు ఉంది. మిగతా సరుకులో చాలా భాగాన్ని వెనక్కి పంపేస్తారు. ఆ కుట్టు బిగించమని, ఆ గేటు తెరవమని చెప్పేది కూడా వింట్ సంకేతమే. కేక వేసి రప్పించిన గొంతే కాపలా పద్ధతి కూడా చెబుతుంది. నాళం చుట్టూ పెరిసైట్లనే కావలి కణాలు కూడా చేరతాయి, అవి లేకపోతే కుట్టు వదులవుతుంది.

మూడోసారి సుబ్బారావు గారు ఈ చెక్‌పోస్టు దగ్గరే కనిపిస్తారు. ఫోలిక్ ఆమ్లానికి ఎదురు పనిచేసే అమినోప్టెరిన్‌ను ఆయన జట్టు తయారు చేస్తే, బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్త క్యాన్సరు పిల్లలకు ఇచ్చాడు. 1948లో ఫలితం అచ్చయింది. కొంతమందిలో జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. అప్పటిదాకా ఏ మందుకూ తగ్గని జబ్బది. దాని తమ్ముడే ఇప్పుడు మన ఆసుపత్రుల్లో దొరికే మెథోట్రెక్సేట్. అయితే ఈ మందు మామూలు మోతాదులో నెత్తురులోకి ఎక్కిస్తే మెదడు చెక్‌పోస్టు దాదాపు దాటదు. క్యాన్సరు కణాలు ఆ కాపలా వెనక దాక్కుని మళ్లీ లేస్తాయి. అందుకే డాక్టర్లు నడుములో సూది గుచ్చి వెన్ను నీటిలోకి సూటిగా ఎక్కిస్తారు. ఆ సూది వేసేటప్పుడు ఏడ్చే పిల్లవాణ్ణి పట్టుకున్న తల్లికి గోడ ఎందుకుందో వివరించడం కష్టం. ఆ గోడ లేకపోతే ఆ పిల్లవాడికి ఆలోచనే నిలవదని ఎలా చెబుతాం?

సుబ్బారావు గారు 1948 ఆగస్టులో పోయారు. అదే ఏడాది మైకేల్‌సన్ అనే కంటి డాక్టరు రెటీనాలో నాళాలు ఎలా పెరుగుతాయో గమనిస్తూ ఒక ఊహ రాశాడు. నెత్తురు చాలని చోటనుంచి ఏదో ఒక పదార్థం బయటికొస్తూ ఉండాలి, అదే నాళాలను పిలుస్తూ ఉండాలి అని. తర్వాతివాళ్లు దాన్ని ఎక్స్ కారకం అన్నారు. నలభై ఏళ్లకు ఆ ఎక్స్‌కు వీఈజీఎఫ్ అని పేరు దొరికింది. డ్వొరాక్ 1983లో, ఫెరారా 1989లో వేర్వేరు దారుల్లో దాన్ని చేరుకున్నారు. నడుమ 1971లో ఫోక్‌మన్, క్యాన్సరు గడ్డలు కూడా ఇలాగే నాళాలను పిలుచుకుంటాయని అంటే చాలామంది నమ్మలేదు. ఆయన పనిచేసింది ఫార్బర్ పనిచేసిన ఆసుపత్రిలోనే.

కన్ను అన్నాను కదా. రెటీనా కంటిలో ఉన్నా మెదడు ముక్కే. గర్భంలో మెదడు నుంచి బయటికి పొడుచుకొచ్చిన మొగ్గ అది. మెదడు నాళాలను పుర్రె కోయకుండా కళ్లారా చూడగలిగిన చోటు అదొక్కటే. అందులో నాళాలు గర్భం పదహారో వారం ప్రాంతంలో నడిమినుంచి బయల్దేరి, అంచులకు పాకుతూ నెలలు నిండే వేళకు చేరతాయి. రెటీనాలో గడప దాటించే గొంతు వింట్ కాదు, దాని పని చేసే నారిన్. నారిన్ జన్యువు చెడిన మగపిల్లలు చాలావరకు చూపు లేకుండా పుడతారు. 2004లో జెరెమీ నాథన్స్ జట్టు నారిన్ కూడా వింట్ గ్రాహకానికే తగులుతుందని చూపింది. మెదడు, కన్ను ఒకే తరహా తాళాన్ని రెండు తాళపుచెవులతో తెరుస్తాయన్నమాట.

బిడ్డ ఏడో నెలలో పుట్టిందనుకోండి. రెటీనా అంచులింకా నాళాలు లేక ఎండుతూ ఉన్నాయి, కేక వేస్తూ ఉన్నాయి. ఊపిరితిత్తులు పండలేదు కాబట్టి మనం ఆక్సిజన్ పెడతాం. దయతోనే పెడతాం. ఆ ఆక్సిజన్ రెటీనాకూ కావలసినదానికన్నా ఎక్కువ అందుతుంది. హిఫ్ ముక్కలైపోతుంది, కేక ఆగిపోతుంది. నాళాలు దారి మధ్యలో నిలిచిపోతాయి, కొన్ని ముడుచుకుపోతాయి. లండన్‌లో నార్మన్ ఆష్టన్ 1950లలో పిల్లికూనల్లో దీన్ని కళ్లకు కట్టాడు. కొన్ని వారాలు పోయాక బిడ్డ పెరుగుతుంది, రెటీనా పెరుగుతుంది, ఆక్సిజన్ తీసేస్తారు. అప్పుడు ఆకలితో ఉన్న అంచులు ఒక్కసారిగా అరుస్తాయి. ఆ అరుపుకు నాళాలు దారి తప్పి, రెటీనా వదిలి లోపలి జెల్లీలోకి పాకుతాయి. అక్కడ మచ్చ కట్టి, రెటీనాను గుంజి ఊడదీస్తాయి. దీన్ని 1942లో బోస్టన్‌లో థియోడోర్ టెర్రీ మొదట వర్ణించాడు. 1951లో మెల్‌బోర్న్‌లో కేట్ క్యాంప్‌బెల్, ఆక్సిజన్ పొదుపుగా వాడిన చోట ఇది తక్కువని గమనించింది. కానీ అందరూ భయపడి ఆక్సిజన్ బాగా తగ్గించేసరికి పిల్లలు చనిపోవడం మొదలైంది. ఎక్కువ పెడితే కన్ను, తక్కువైతే ప్రాణం. ఇప్పుడు ఆక్సిజన్‌ను గాలితో కలిపి, రక్తంలో నిండుదనం సుమారు 90 నుంచి 95 శాతం మధ్య ఉండేలా చూస్తారు. ఆ కొలిచే క్లిప్పు బిడ్డ పాదానికి ఉంటుంది. అది ఊడిందని నర్సు మళ్లీ పెడితే విసుక్కోకండి.

2020లో ప్రపంచంలో నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో అన్నిటికన్నా ఎక్కువ మంది మన దేశంలోనే పుట్టారు, సుమారు 30 లక్షలు. వాళ్లను బతికించడం మనం నేర్చుకున్నాం, చాలా తొందరగా నేర్చుకున్నాం. కళ్లు చూడటం అంత తొందరగా అబ్బలేదు. హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి డాక్టర్ సుభద్రా జలాలి 1990ల చివరినుంచి జంట నగరాల ఆసుపత్రుల్లోని పసిపిల్లల నర్సరీలకు తామే వెళ్లి పిల్లల కళ్లు చూసే పద్ధతి పెట్టారు. ఆ తర్వాత చాలా చోట్ల అదే దారి పట్టారు. 34 వారాలలోపు పుట్టినా, రెండు కిలోలలోపు ఉన్నా, నెల లోపల కన్ను చూపించాలి. మరీ ముందు పుట్టినవాళ్లకు రెండు మూడు వారాలకే. మనకు మద్రాసు ఎగ్మూరు దగ్గరే. అక్కడి కంటాసుపత్రి 1819 నాటిది, ప్రపంచంలో పాతవాటిలో ఒకటి. జబ్బు ముదిరితే లేజరు పెట్టి అరిచే అంచులను మాడ్చేస్తారు, లేదా వీఈజీఎఫ్‌ను పట్టి కట్టేసే మందును కంటిలో ఒక చుక్క ఎక్కిస్తారు. కేక పూర్తిగా ఆపితే ఎదిగే ఒంట్లో ఇంకెక్కడ ఏం ఆగుతుందో అన్న భయం డాక్టర్లకు ఉంది, అందుకే ఆ మందు తర్వాత నెలల తరబడి చూస్తూ ఉంటారు.

నేనొకసారి ఆ పరీక్ష పక్కన నిలబడి చూశాను. బిడ్డ అరచేతి పొడవు. కంటిలో చుక్కలు వేసి నల్లగుడ్డు పెద్దది చేశారు. డాక్టరు నుదుటి మీద దీపం, చేతిలో భూతద్దం. లోపల నారింజ రంగు నేల మీద సన్నటి ఎర్రటి కొమ్మలు. కొమ్మలన్నీ ఒక గీత దగ్గర ఆగాయి. గీత అవతల బూడిదరంగు, ఒక్క చుక్క ఎరుపు లేదు. గీత దగ్గర కట్ట కట్టిందా, ఉబ్బిందా అని డాక్టరు చాలాసేపు చూసింది. లేదు, సమంగానే ఉంది. కాగితం మీద గుండ్రం గీసి, లోపల గీత ఎక్కడిదాకా వచ్చిందో చుక్కలు పెట్టి, పక్కన తేదీ వేసింది. తల్లి అడిగింది, ఇంకా ఎన్నిసార్లు తేవాలి అని. గీత అంచుకు చేరేదాకా, వచ్చే మంగళవారం తీసుకురామ్మా అంది.